లాక్టేట్ ఒక్కటే చదివిన రాత్రి: ఏసీసీపీ శిక్షణలో ఒక కేసు

ఇంగ్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో నేను అడ్వాన్స్‌డ్ క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్‌గా శిక్షణ పొందుతున్నప్పుడు, 14వ నెలలో, ఒక రాత్రి డ్యూటీలో ఎదురైన కేసు ఇది. ఆ ఉద్యోగాన్ని అక్కడ అందరూ క్లుప్తంగా ఏసీసీపీ అంటారు. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. అంకెలు మాత్రం ఈ కేసుకు ప్రాణం కనుక వాటి మధ్య ఉన్న సంబంధం చెడకుండా ఉంచాను. రోగి కోలుకున్నారు. అయినా ఆ రాత్రి నా నిర్ణయం ఒకటి తప్పింది, ఎందుకు తప్పిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ ఉద్యోగం గురించి కొంత చెప్పాలి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కాదు. ఏసీసీపీ డాక్టరు కాదు. అప్పటికే ఐసీయూలో అనుభవం గడించిన నర్సు, ఫిజియోథెరపిస్టు వంటి రిజిస్టర్డ్ వృత్తి నిపుణులు కనీసం రెండేళ్ళు పూర్తికాలం శిక్షణ పొంది, పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా స్థాయి చదువుతో పాటు మందులు రాసే అర్హత కూడా సంపాదించి, కన్సల్టెంట్ (బాధ్యత వహించే సీనియర్ నిపుణ డాక్టరు) పర్యవేక్షణలో రోగిని పరీక్షించడం, రోగనిర్ధారణ చేయడం, చికిత్స నిర్ణయించడం, లైన్లు వేయడం వంటి పనులు చేస్తారు. ఈ పాత్రకు 2008లో ఇంగ్లండ్ ఆరోగ్యశాఖ ఒక జాతీయ నైపుణ్య ప్రణాళికను ప్రకటించింది; 2010లో ఏర్పడిన ఫ్యాకల్టీ ఆఫ్ ఇంటెన్సివ్ కేర్ మెడిసిన్ 2015లో దీనికి పాఠ్యప్రణాళిక రూపొందించింది. అయితే ఏసీసీపీలకు ప్రత్యేకమైన రిజిస్టరు లేదు. నర్సుగా వచ్చినవారు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కే జవాబుదారులు. నేను 11 ఏళ్ళు ఐసీయూ నర్సుగా పనిచేసి ఈ శిక్షణలో చేరాను. ఆ రాత్రికి మందులు రాసే కోర్సు సగంలో ఉంది. అంటే ఏ మందు కావాలో నేను చెప్పగలను గాని, చీటీ మీద సంతకం డాక్టరుదే.

రోగి

58 ఏళ్ళ మహిళ. మూడు రోజులుగా దగ్గు, జ్వరం. ఆ సాయంత్రం మాట తడబడటంతో భర్త ఎమర్జెన్సీ విభాగానికి తీసుకువచ్చారు. అక్కడ శ్వాస నిమిషానికి 34, నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ మీద సాచురేషన్ 88 శాతం, రక్తపోటు 82/44, నాడి 124, జ్వరం 38.9 డిగ్రీల సెల్సియస్, కొత్తగా వచ్చిన అయోమయం. రోగి పరిస్థితి ఎంత విషమమో అంకెల్లో చెప్పడానికి బ్రిటన్ ఆసుపత్రుల్లో వాడే న్యూస్-2 పట్టిక ప్రకారం లెక్కిస్తే 20కి 17 వచ్చింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా కమ్ముకుని ఉంది, ఎడమవైపు కూడా మచ్చలు మొదలయ్యాయి. మూత్రంలో న్యుమోకాకస్ (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) యాంటిజెన్ పాజిటివ్. కో-అమాక్సిక్లావ్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టి, సిరలోకి 2,500 మి.లీ. లవణద్రవం (హార్ట్‌మన్స్ ద్రావణం) ఎక్కించి, అయినా శ్వాస అలసిపోతుండటంతో ఎమర్జెన్సీలోనే గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. రాత్రి 9.40కి మా ఐసీయూకి వచ్చారు. బరువు 92 కిలోలు. ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే సెప్సిస్ స్థితికి రాసిన సర్వైవింగ్ సెప్సిస్ 2021 మార్గదర్శకాలు మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మి.లీ. చొప్పున ద్రవం ఇవ్వమని సూచిస్తాయి. ఆ లెక్కన ఆమెకు సుమారు 2,760 మి.లీ. అవుతుంది కాబట్టి ఆ వాటా దాదాపు పూర్తయినట్టే. 

ఆమె వచ్చిన మొదటి పావుగంటలో నేను చేసిన పని ఒకటి నాకు ఇప్పటికీ తృప్తినిస్తుంది. వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు 450 మి.లీ. ఇస్తోంది. చార్టులో ఎత్తు 168 సెంటీమీటర్లు అని ఉంది. అది ఎవరో కంటితో అంచనా వేసి రాసిందని చూడగానే తెలిసిపోతోంది, ఎందుకంటే ఆమె పాదాలు మంచం చివరికి చాలా దూరంలో ఉన్నాయి. టేపు తెచ్చి, పడక నర్సు తలవైపు పట్టుకుంటే నేను మడమ దాకా లాగి కొలిచాను. 155 సెంటీమీటర్లు. ఊపిరితిత్తుల పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది గాని శరీర బరువును బట్టి కాదు, మహిళలకు 152.4 సెంటీమీటర్ల పైన ప్రతి సెంటీమీటరుకు 0.91 కిలో చొప్పున 45.5కి కలిపితే ఊహించిన బరువు వస్తుంది. ఈమెకు అది 47.9 కిలోలు. కిలోకు 6 మి.లీ. చొప్పున లెక్కిస్తే ఒక్కో శ్వాసకు దాదాపు 290 మి.లీ. మాత్రమే ఇవ్వాలి. అంటే ఆమె ఊపిరితిత్తులు అంతవరకు కిలోకు 9 మి.లీ. పైనే భరిస్తున్నాయి. 2000లో వెలువడిన ఆర్డ్స్‌నెట్ అధ్యయనంలో, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉన్న రోగుల్లో, కిలోకు 12 మి.లీ. ఇచ్చినవారిలో 39.8 శాతం, 6 మి.లీ. ఇచ్చినవారిలో 31 శాతం మరణించారు. నా పాఠాల్లో అప్పటికి ఎన్నోసార్లు వచ్చిన ఆ అంకెలకు అర్థం టేపు చేతిలో ఉన్నప్పుడు తెలిసినట్టు మరెప్పుడూ తెలియలేదు. డ్యూటీలో ఉన్న రిజిస్ట్రార్‌కు (కన్సల్టెంట్ కింద పనిచేసే డాక్టరుకు) చెప్పి 290కి తగ్గించాం, శ్వాస రేటు 18 నుంచి 28కి పెంచాం. ప్లాటో ఒత్తిడి (శ్వాస నిండాక ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) 33 నుంచి 25 సెంటీమీటర్ల నీటిమట్టానికి దిగింది.

తరవాత సెంట్రల్ లైన్, అంటే మందులు ఎక్కించడానికి పెద్దసిరలో వేసే గొట్టం. కుడి మెడ సిరలో, అల్ట్రాసౌండ్ సాయంతో, రిజిస్ట్రార్ పక్కన నిలబడి చూస్తుండగా వేశాను. గొట్టానికి దారి చూపే తీగ సిరలో కనిపించాక కూడా, దారి వెడల్పు చేసే డైలేటర్ తోసేముందు ఒత్తిడి కొలిచి అది ధమని కాదని నిర్ధారించుకోవడం, చివర్లో తీగ బయటికి వచ్చిందని నేనూ సహాయకురాలూ ఇద్దరం పైకి చెప్పి ఫారంలో సంతకం చేయడం మా విభాగంలో నియమం. లోపల మర్చిపోయిన తీగ బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ‘నెవర్ ఈవెంట్’ల (ఎన్నటికీ జరగకూడని పొరపాట్ల) జాబితాలో ఉంది. ఈ పనికి నాకు ఒక అసెస్‌మెంట్ ఫారం నిండింది, రిజిస్ట్రార్ మంచి మాటలే రాశారు. శిక్షణలో ఉన్నవారంతా ఇలాంటి ఫారాల కోసమే ఎదురుచూస్తారు. చేతిపని కొలవడం తేలిక కాబట్టేమో మరి.

అర్ధరాత్రి దాటాక

ఒంటిగంటకు రక్తపోటు పెంచే మందు నార్‌అడ్రినలిన్ కిలోకు నిమిషానికి 0.3 మైక్రోగ్రాములకు చేరింది, అయినా సగటు రక్తపోటు 65కి చేరలేదు. అదే పని చేసే వాసోప్రెసిన్ జోడించాం, 1.30కి స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్ 50 మి.గ్రా. మొదలుపెట్టాం. అప్పటికి రక్తంలో లాక్టేట్ (గ్లూకోజ్ విచ్ఛిత్తిలో తయారయ్యే పదార్థం) 2.9. రెండు గంటలకు రిజిస్ట్రార్ గుండె స్కాన్ చేస్తే ఎడమ జఠరిక మొత్తంగా మందకొడిగా కొట్టుకుంటోంది; సెప్సిస్‌లో ఇది అరుదేమీ కాదు. కన్సల్టెంట్‌తో ఫోన్లో మాట్లాడి 2.15కి గుండెను బలంగా కొట్టించే అడ్రినలిన్ మొదలుపెట్టి, మూడు గంటలకల్లా 0.1 మైక్రోగ్రాముకు పెంచారు. రక్తపోటు నిలబడింది. ఇంతలో వార్డులో ఎవరికో గుండె ఆగిందని పిలుపు రావడంతో రిజిస్ట్రార్ అటు పరుగెత్తారు, పడకల బాధ్యత నా మీద పడింది.

నాలుగు గంటలకు పడక నర్సు బ్లడ్ గ్యాస్ చీటీ (రక్తంలోని వాయువులు, లవణాలు, చక్కెర కొలిచిన కాగితం) తెచ్చారు. ఆవిడ మా విభాగంలో నాకంటే ముందునుంచి ఉన్న మనిషి. చీటీలో పైనుంచి కిందికి పీహెచ్ 7.25, పొటాషియం 3.3, గ్లూకోజ్ 13.8, అట్టడుగున లాక్టేట్ 4.6, దాని పక్కన పైకి చూపే బాణం గుర్తు.

“షుగర్ ఉన్నట్టుండి పెరిగింది, ఇన్సులిన్ మొదలుపెట్టమంటారా?” అన్నారు.

“మొదలుపెట్టండి,” అన్నాను.

“పొటాషియం కూడా తగ్గింది. 20 మిల్లీమోల్ ఇవ్వనా?”

“ఇవ్వండి,” అన్నాను.

ఆ రెండూ మా విభాగం ప్రొటోకాల్ ప్రకారం నర్సు చేతిలో ఉన్న పనులే. నా కళ్ళు లాక్టేట్ మీదే ఉన్నాయి. 2.9 నుంచి 4.6. లాక్టేట్ పెరిగిందంటే కణజాలానికి రక్తం చాలడం లేదు, రక్తం చాలడం లేదంటే ద్రవం కావాలి: ఈ గొలుసు నా మనసులో ఎంత బిగువుగా ఉందంటే, మధ్యలో ఒక్క లంకెనైనా తడిమి చూడాలని తోచలేదు. రిజిస్ట్రార్‌కు ఫోన్ చేసి, లాక్టేట్ పెరిగింది, 250 మి.లీ. హార్ట్‌మన్స్ ఇద్దామని చెప్పాను. వెనక ఛాతీ మీద నొక్కే మనిషి అంకెలు లెక్కపెడుతున్న శబ్దం వినిపిస్తోంది. ఆయన సరే అని, ఆ చోటునుంచే ఎలక్ట్రానిక్ చార్టులో ఆర్డరు పెట్టారు. ఇరవై నిమిషాల తరవాత లాక్టేట్ 4.7. మరో 250 అడిగాను, అదీ వచ్చింది. ఆయన నా మాట మీద సంతకం చేశారు. చేయకపోతే ఆ రాత్రి పని నడవదు. అందువల్ల సంతకం నాది కాకపోయినా నిర్ణయం నాదే.

అయిదున్నరకు సాచురేషన్ జారడం మొదలైంది. ఆక్సిజన్ 50 నుంచి 65 శాతానికి పెంచితే గాని 91 నిలబడలేదు. వచ్చినప్పుడు 50 శాతం మీద రక్తంలో ఆక్సిజన్ 11.2 కిలోపాస్కల్ ఉండగా, ఇప్పుడు 65 శాతం మీద 8.9. లాక్టేట్ ఇంకా 4.7. ఇన్సులిన్ నడుస్తుండటంతో పొటాషియం 3.0కి దిగింది. మూడో విడత ద్రవం అడగడానికి ఫోన్ అందుకుని, రిజిస్ట్రార్‌కు బదులు కన్సల్టెంట్‌కు చేశాను. అలా చేసినందుకు నన్ను నేను మెచ్చుకోను. ఆ సమయానికి భయం వేసింది, అంతే.

ఫోన్లో అడిగిన నాలుగు ప్రశ్నలు

కన్సల్టెంట్ నేను చెప్పిందంతా విన్నారు. తరవాత, “వేలి చివర నొక్కి చూశారా? ఎన్ని సెకన్లకు రంగు తిరిగి వస్తోంది?” అని అడిగారు. చూడలేదు. “మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయా? మూత్రం ఎంత వస్తోంది? సెంట్రల్ లైన్ నుంచి తీసిన రక్తంలో సాచురేషన్ ఎంత?” మూడింటిలో మూత్రం సంగతి ఒక్కటే చెప్పగలిగాను, గంటకు 50 మి.లీ. “మిగతావి చూసి చెప్పండి, నేను లైన్‌లోనే ఉంటాను,” అన్నారు.

చూపుడు వేలి చివరను తెల్లబడేదాకా నొక్కి, పది సెకన్లు అలాగే పట్టి వదిలాను. రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి వచ్చింది. మోకాళ్ళు వెచ్చగానే ఉన్నాయి, వాటి మీద నీలి మచ్చలు లేవు. పొట్ట మెత్తగా ఉంది. సెంట్రల్ సాచురేషన్ 74 శాతం. అన్నీ ఒంటికి రక్తం అందుతోందనే గుర్తులే. ఇవన్నీ చూడటానికి నాలుగు నిమిషాలు పట్టింది.

“మరి ద్రవం దేనికి?” అన్నారామె.

నా దగ్గర జవాబు లేదు. “చీటీ మొత్తం చదవండి, పైనుంచి,” అన్నారు. చదువుతుంటే మూడో వరుసకే నాకు అర్థమైంది, అయినా చివరిదాకా చదివించారు.

అడ్రినలిన్ కండరాల్లోని బీటా-2 గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. దానివల్ల కణంలోని సోడియం-పొటాషియం పంపు వేగం పెరిగి పొటాషియం రక్తంలోంచి కణంలోకి పోతుంది. కాలేయంలో నిలవ ఉన్న గ్లైకోజెన్ కరిగి గ్లూకోజ్ పెరుగుతుంది. గ్లూకోజ్ విచ్ఛిత్తి ఎంత జోరందుకుంటుందంటే, తయారయ్యే పైరువేట్‌ను మైటోకాండ్రియా అంత త్వరగా వాడుకోలేక, మిగిలింది లాక్టేట్‌గా మారి రక్తంలోకి వస్తుంది. ఆక్సిజన్ కొరతతో దీనికి సంబంధం లేదు. పొటాషియం దిగడం, గ్లూకోజ్ ఎక్కడం, లాక్టేట్ ఎక్కడం, మూడూ అడ్రినలిన్ మొదలైన రెండు గంటల్లోపే, ఒకే చీటీ మీద ఉన్నాయి. షుగర్ ఒక్కటే అయితే హైడ్రోకార్టిసోన్ మీదికి నెట్టవచ్చు, నిజానికి దాని వంతు కూడా కొంత ఉండే ఉంటుంది. పొటాషియం ఒక్కటే అయినా మరో కారణం వెతకవచ్చు. మూడూ కలిసి కదిలినప్పుడు ముందుగా అనుమానించాల్సింది రెండు గంటల కింద మొదలుపెట్టిన మందునే.

కన్సల్టెంట్ ఏడింటికల్లా వచ్చారు. వార్డు నుంచి తిరిగి వచ్చిన రిజిస్ట్రార్ మళ్ళీ స్కాన్ చేస్తే జఠరిక ముందుకంటే మెరుగ్గా కొట్టుకుంటోంది, పెద్దసిర నిండుగా ఉంది, ఊపిరితిత్తుల్లో రెండువైపులా నీరు చేరినట్టు గీతలు కనిపించాయి. అడ్రినలిన్‌ను 0.04కి తగ్గించారు. ఇన్సులిన్ ఆపారు, పొటాషియం ఎక్కించారు. ఎనిమిదింటికి లాక్టేట్ 3.1, మధ్యాహ్నానికి 1.9. ఒక్క చుక్క ద్రవం ఇవ్వకుండానే తగ్గింది. మందు తగ్గిస్తే తగ్గడమే ఆ నిర్ధారణకు దొరికిన గట్టి సాక్ష్యం.

ఊపిరితిత్తులు మాత్రం వెంటనే తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నమే ఆమెను బోర్లా పడుకోబెట్టాల్సి వచ్చింది. 2013లో వచ్చిన ప్రొసేవా అధ్యయనం తరవాత ఇంత తీవ్రమైన ఆక్సిజన్ లోపంలో కనీసం 16 గంటలు బోర్లా ఉంచడం స్థిరపడిన పద్ధతి. ఏడుగురం కలిసి తిప్పాం. ఇలా రెండుసార్లు చేయాల్సి వచ్చింది. నేను ఇప్పించిన 500 మి.లీ. లేకపోతే ఈ అవసరం తప్పేదా? న్యుమోనియా తానుగానే ఆ దారిలో పోతూ ఉండవచ్చు. కానీ నిండుగా ఉన్న సిరలోకి, కారుతున్న ఊపిరితిత్తుల్లోకి ఆ అరలీటరు ఏ మేలూ చేయలేదని, కీడు చేసి ఉండే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. డిపార్ట్‌మెంట్ ఇన్సిడెంట్ రిపోర్టులో అదే రాశాను. భర్తకు కన్సల్టెంట్ చెప్పేటప్పుడు నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన ఒకటే అడిగారు, “ఇప్పుడు తెలిసింది కదా, ఇక మళ్ళీ అలా ఇవ్వరు కదా?” అని.

కేసు చర్చలో తేలినది

శిక్షణలో ఇలాంటి కేసును కన్సల్టెంట్‌తో కూర్చుని విడమరిచి చర్చించడం ఒక తప్పనిసరి అంచె. నేను సిద్ధం చేసుకుని వెళ్ళిన సంజాయిషీ ఏమిటంటే, అడ్రినలిన్ వల్ల లాక్టేట్ పెరుగుతుందని నాకు అప్పటికే తెలుసు, రాత్రి నాలుగు గంటల అలసటలో గుర్తు రాలేదు అని. ఆమె దాన్ని ఒప్పుకోలేదు. “పడక నర్సు మీకు షుగర్ సంగతి చెప్పినప్పుడు గుర్తు రాలేదా? పొటాషియం సంగతి చెప్పినప్పుడు?” అని అడిగారు.

అక్కడ నా మాట ఆగిపోయింది. ఎందుకంటే సమాచారం నా చెవిన రెండుసార్లు పడింది, పడినప్పుడల్లా నేను దానికి ఒక పని అంటగట్టి పంపేశాను. షుగర్‌కు ఇన్సులిన్, పొటాషియంకు పొటాషియం, లాక్టేట్‌కు ద్రవం. పదకొండేళ్ళు పడక పక్కన నిలబడి నేను నేర్చుకున్న పద్ధతి అదే, అందులో తప్పు లేదు. తేడా వచ్చిన ప్రతి అంకెనూ వెంటనే పట్టుకోవడం, ప్రొటోకాల్ ప్రకారం దాన్ని సరిచేయడం, సరికాకపోతే డాక్టరుకు చెప్పడం మంచి ఐసీయూ నర్సు లక్షణం. ఆ రాత్రి చెప్పించుకోవాల్సిన స్థానంలో నేను ఉన్నాను. పడక నర్సు తన పని పూర్తిగా చేశారు. ఆవిడ తెచ్చిన మూడు అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఇవి ఎందుకు కలిసి కదిలాయని అడగడం నా పని, దాన్ని నేను చేయలేదు. ఇంకో నర్సులా ప్రవర్తించాను. పైగా ఇన్సులిన్‌కు సరే అనడంతో పొటాషియాన్ని ఇంకా కిందికి దించాను.

ఎత్తు విషయంలో అలా ఎందుకు జరగలేదని కూడా ఆమె అడిగారు. ఆలోచిస్తే, అక్కడ చార్టులోని అంకె ఎదురుగా ఉన్న మనిషితో సరిపోలేదు, కాబట్టి టేపు తెచ్చాను. లాక్టేట్ విషయంలో మనిషి వైపు చూడనేలేదు. వెచ్చని మోకాళ్ళు ఆ రెండు గంటలూ నాకు చేతికందే దూరంలోనే ఉన్నాయి. 2019లో వచ్చిన ఆండ్రొమెడా-షాక్ అధ్యయనం సెప్టిక్ షాక్‌లో లాక్టేట్‌ను వెంటాడే చికిత్సను, వేలి చివర రంగు తిరిగి వచ్చే సమయాన్ని బట్టి చేసే చికిత్సను పోల్చింది. ఖర్చులేని వేలి పరీక్ష అందులో తీసిపోలేదు. నేను ఆ పేపరు మీద సెమినార్ ఇచ్చి అప్పటికి ఆరు వారాలే అయింది!

ఆ నెల ద్రవ చికిత్సకు సంబంధించిన నైపుణ్యం మీద ఆమె సంతకం పెట్టలేదు. సెంట్రల్ లైన్ మీద పెట్టారు. కోపం వచ్చిందని దాచను, రెండు రోజులకు గాని తగ్గలేదు. అప్పటినుంచి ద్రవం అడిగే ముందు నోట్స్‌లో ఒక వాక్యం రాయాలన్నది ఆమె నియమం: ఈ ద్రవం దేన్ని సరిచేయాలి, సరైందని ఎలా తెలుస్తుంది, ఎప్పుడు ఆపాలి. మొదట్లో ఆ వాక్యం రాయలేక సగం సార్లు అడగడమే మానేశాను, అది కూడా సరికాదు. ఒక రోగికి నిజంగా ద్రవం కావలసి ఉండగా గంటసేపు ఆలస్యం చేశాను. మరో మూడు కేసులు, నాలుగు నెలలు గడిచాక సంతకం వచ్చింది.

రోగి విషయానికి వస్తే, రెండో రోజున అడ్రినలిన్, నాలుగో రోజున నార్‌అడ్రినలిన్ ఆగాయి. తొమ్మిదో రోజున గొట్టం తీశాం, పన్నెండో రోజున వార్డుకు వెళ్ళారు. మూడు నెలల తరవాత ఫాలో-అప్ క్లినిక్‌కు వచ్చినప్పుడు గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, మెట్లెక్కితే మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తోందన్నారు. ఐసీయూలో రోజులేవీ గుర్తులేవు గాని, ఎవరో తనను టేపుతో కొలవడం మాత్రం గుర్తుందని, శవపేటిక కోసమేమోనని భయపడ్డానని చెప్పారు. మత్తులో ఉన్న మనిషికి చేసే ప్రతి పనీ ముందు చెప్పి చేయాలని నేను కొత్త నర్సులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆ రాత్రి టేపు పట్టుకుని ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. ఆమెకు క్షమాపణ చెప్పాను, ఎందుకు కొలిచామో కూడా వివరించాను.

మందులు రాసే అర్హత మరుసటి సంవత్సరం నా రిజిస్ట్రేషన్‌లో చేరింది. నా పేరు మీద నేను పెట్టిన మొదటి ఆర్డరు, విచిత్రంగా, పొటాషియం క్లోరైడే. ఆ రోగికి అడ్రినలిన్ లేదు. అయినా సంతకం చేసే ముందు చీటీ అడిగి తీసుకుని, పైనుంచి కిందికి చదివి, పడక నర్సును అంతకుముందు ఆరు గంటల్లో ఏయే మందులు మొదలయ్యాయని అడిగాను. ఫ్యూరోసెమైడ్ అన్నారు, మూత్రం పెంచి దానితో పొటాషియాన్నీ బయటికి పంపే మందు. మూత్రం సంచీ చూస్తే నిజమే, నిండిపోయి ఉంది.